వ్రాతకు ముఖము కలదా?

“ఎవరు చెప్పినారు?” అను రెండు మాటలను నోటితో నాలుగు విధములుగా పలుకవచ్చును. మెల్లగా నడిగినచో అది తెలిసికొనవలెనను కోరిక. కనుబొమలు పైకెత్తి యడిగినచో ఆశ్చర్యము. పెదవి విఱిచి యడిగినచో ఎగతాళి. బల్లపై చేయి చఱచి యడిగినచో కోపము. తరగతిలో నేనీ ప్రశ్న నడిగినపుడు విద్యార్థులు నా మాటను వినుటకు ముందే నా ముఖమును చదువుదురు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు నల్లబల్లపై వ్రాయుటెట్లో, ప్రశ్న నడుగుటెట్లో వేఱువేఱుగా నేర్పిరి. కాని ప్రశ్నను వ్రాసినపుడు ముఖ మేమగునో యెవ్వరును నేర్పలేదు. దానిని నేను నలువది యేండ్లు దాటిన పిమ్మట, మన పాఠశాల కంప్యూటరు గదిలో, ఒక బాలుని మనస్సును నొప్పించి నేర్చుకొంటిని. ఆ వృత్తాంతమును, దాని వెంబడి మన కంప్యూటరులోనికి నవ్వుముఖములు వచ్చిన విధమును విద్యార్థులకును తల్లిదండ్రులకును తెలుపుటకై ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

మన కంప్యూటరు గదిలో విద్యార్థులు వ్రాయు వికీ యొకటి కలదని మీలో చాలమంది యెఱుగుదురు. ఎఱుగనివారికై రెండు మాటలు. వికీ యనగా ఎవరైనను చదువుటకే గాక, అక్కడికక్కడే దిద్దుటకును వీలైన పుటల సముదాయము. అమెరికా దేశస్థుడగు వార్డ్ కనింగ్‌హామ్ ఈ పద్ధతిని కల్పించి 1995 మార్చి 25వ తేదీన లోకమున కందించెను. హవాయి ద్వీపవాసుల భాషలో “వికీ” యనగా త్వరగా నని యర్థము. హొనొలులు విమానాశ్రయమున తిరుగు “వికీ వికీ” యను బస్సును బట్టి ఆయన ఆ పేరు పెట్టెను. 2001 జనవరి 15న ఇంగ్లీషు వికీపీడియాయు, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాయు ఈ పద్ధతిపైననే మొదలయ్యెను. వికీపీడియాను నడుపు మీడియావికీ యను సాఫ్టువేరును ఎవరైనను వెల లేకుండ తెచ్చుకొని తమ కంప్యూటరులో నిలుపుకొనవచ్చును. మేమును అట్లే నిలుపుకొంటిమి. మా వికీ ఆ గది గోడలు దాటి వెలుపలికి పోదు. దానిలో విద్యార్థులు తమ తమ ఊళ్ళను గూర్చి వ్రాయుదురు. బందరు కాలువ, ఏలూరు కాలువ, కొండపల్లి బొమ్మలు, కొల్లేటి పక్షులు, ఉయ్యూరు చక్కెర మిల్లు, ఒకరి ఊరి చెఱువు, మఱియొకరి ఊరి రావిచెట్టు, అన్నియు దానిలో పుటలుగా నున్నవి.

ప్రతి పుటకును పైభాగమున రెండు తలుపులుండును. ఒకటి “చర్చ”. పుటలోని విషయమును గూర్చి అడుగవలసినది, చెప్పవలసినది అక్కడ వ్రాయవలెను. తెలుగు వికీపీడియాలో నైతే అందఱును కలసి మాటలాడుకొనుటకు వేఱొక పెద్ద చోటు కూడ నున్నది. దానికి వారు “రచ్చబండ” యని చక్కని పేరు పెట్టుకొనిరి. రెండవ తలుపు “చరిత్ర”. పుటలో ఎవరు ఎప్పుడేమి చేర్చిరో, ఏమి తీసివేసిరో, ప్రతి మార్పును అక్కడ భద్రముగా నుండును. వికీలో కొట్టివేసిన మాట పుటలో కనబడకున్నను చరిత్రలో మిగిలియే యుండును. ఈ రెండవ తలుపు లేకున్నచో ఈ కథ నాకు తెలియకయే పోయెడిది.

తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు, ఉయ్యూరు దారిలోని పల్లెనుండి వచ్చువాడు, కృష్ణ ఆనకట్టను గూర్చి పుట వ్రాయ మొదలిడెను. తరగతిలో నోరు తెఱువని బాలుడు. కాని వ్రాతలో శ్రద్ధగలవాడు. 1852లో ఆరంభించి 1855లో ముగించిన పాత ఆనకట్టను గూర్చియు, ఆ పనిని నడిపిన కెప్టెన్ ఓర్‌ను గూర్చియు, ఆయనకు దారి చూపిన ఆర్థర్ కాటన్‌ను గూర్చియు వ్రాసెను. 1952లో ఆ ఆనకట్టకు గండిపడుట, 1954లో క్రొత్తది ఆరంభమగుట, 1957 డిసెంబరులో అది ప్రకాశం బ్యారేజి యను పేరుతో ప్రారంభమగుట, దాని పొడవు 1,223.5 మీటర్లగుట, అన్నియు సరిగానే వ్రాసెను. చివర నొక వాక్యము చేర్చెను: “ఈ బ్యారేజీని మా ముత్తాత కట్టినాడు.”

నాకా వాక్యము మిక్కిలి నచ్చెను. పుస్తకములలో ఇంజనీర్ల పేర్లుండును గాని తట్టలు మోసినవారి పేర్లుండవు. ఈ సంగతి చెప్పినవారెవరో, వారి పేరు, ఏ యేట పని చేసిరో తెలిసికొని వ్రాసినచో పుటకెంత విలువ! వికీలో ప్రతి సంగతికిని మూలము చూపవలెనను నియమము కూడ నున్నది గదా. అది సాయంకాలము. నాకు బస్సు వేళ యగుచుండెను. కావున చర్చ పుటలో త్వరత్వరగా నిట్లు వ్రాసి వెడలిపోతిని: “ఇది నీకెవరు చెప్పినారు?”

అంతే. నాలుగవ మాట లేదు.

తరువాత మూడు వారములు ఆ బాలుడు వికీలో నొక్క అక్షరమైనను వ్రాయలేదు. పరీక్షల కాలము గనుక నేనును గమనింపలేదు. ఒకనాడు ఆనకట్ట పుటను తెఱచి చూడగా, ముత్తాత వాక్యము లేదు. చరిత్ర తలుపు తీసితిని. నేను ప్రశ్న వ్రాసిన మఱునాటి ఉదయముననే ఆ బాలుడే దానిని తీసివేసియుండెను. వికీలో మార్పు చేయునపుడు కారణము వ్రాయుటకు చిన్న గడి యొకటి యుండును. దానిలో వాడు వ్రాసినది యిది: “తప్పు. క్షమించండి.”

వానిని పిలిచి, “ఏమి నాయనా, ఆ వాక్య మేల తీసివేసితివి?” అని యడిగితిని. వాడు నేలచూపులు చూచుచు, “మీరు నమ్మలేదు గదా మాస్టారూ. మా ముత్తాత కూలివాడు. ఆయన బ్యారేజి కట్టినాడని వ్రాసినచో అందఱును నవ్వుదురని మీరట్లు వ్రాసితిరనుకొంటిని” అనెను.

నేను మెల్లగా నడిగిన ప్రశ్నను వాడు పెదవి విఱిచి యడిగినట్లు చదువుకొనెను. అక్షరములలో భేదము లేదు. భేదమంతయు నా ముఖమున నుండెను. ఆ ముఖమును నేను బస్సెక్కి నాతో తీసికొనిపోతిని. వాని యెదుట మిగిలినవి రెండు మూడు నల్లని పంక్తులు. పైగా వ్రాసినవాడు ఉపాధ్యాయుడు, చదివినవాడు విద్యార్థి. పెద్దవాని వ్రాతలో చిన్నవానికి కోపమే ముందుగా కనబడును. నోరు మంచిదైన ఊరు మంచిదని మనవారందురు. నా నోరు మంచిదే. చేతివ్రాతకే ఆ మంచి యబ్బలేదు.

ఆ శనివారము నేను వాని యింటికి వెళ్ళితిని. ముత్తాతగారికి ఎనుబదియైదేండ్లు దాటినవి. అరుగుమీద మంచమున గూర్చుండియుండెను. నేను నమస్కరించి కూర్చుండగా ఆయన, “మాస్టారుగారూ, నేనే చెప్పినాను. పదిహేడేళ్ళవాణ్ణి, సిమెంటు తట్టలు మోసినాను. తప్పు చెప్పినానా?” అని యడిగెను. అడుగుచు నవ్వెను. ఆ నవ్వు లేకున్నచో నేనేమనుకొనియుందునో! బాలుడు తలుపు ప్రక్కన నిలిచి మమ్ము చూచుచుండెను.

ఈ సంగతిని నేను తరగతిలో వాని పేరు చెప్పకుండ వివరించితిని. వ్రాతలో మాట మారిపోవుటెట్లో విద్యార్థులకు చూపుటయే నా యుద్దేశము. వెనుక బల్లనుండి యొక బాలిక లేచి, “మాస్టారూ, చివర నొక నవ్వుముఖము పెట్టియుండిన సరిపోయెడిది గదా!” అనెను. తరగతి యంతయు నవ్వెను. నేనును నవ్వితిని గాని, అంగీకరింపలేదు. ఏబదియాఱు అక్షరములుండగా బొమ్మలేలనంటిని. భాష చేతగానివానికి బొమ్మ కావలెనంటిని. ఇంటికి వెళ్ళిన పిమ్మట ఆ బాలిక మాటయే చెవిలో మ్రోగుచుండెను.

ఆలోచింపగా నా వాదము నిలువలేదు. మన పూర్వులు తాటాకులపై గంటముతో వ్రాసినపుడు మాటకును మాటకును ఎడము విడువలేదు. కామా లేదు, ప్రశ్నార్థకము లేదు, ఆశ్చర్యార్థకము లేదు. పద్యము ముగిసినచోట నొక నిలువు గీతయే గీతగా నుండెను. ఈ గుర్తులన్నియు అచ్చుయంత్రముతో మన భాషలోనికి వచ్చినవే. నేడు ప్రశ్నార్థకము లేని ప్రశ్నను నేనే తప్పని దిద్దుదును. ప్రశ్నార్థక మేమి? గొంతు చివర పైకి లేచుటకు గుర్తు. ఆశ్చర్యార్థక మేమి? కనులు పెద్దవగుటకు గుర్తు. గొంతుకును కనులకును గుర్తులుండగా పెదవికి గుర్తు కూడదనుట యే న్యాయము?

ఈ గుర్తు పుట్టుక కూడ మా తరగతి కథవంటిదే. 1982లో అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమున కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు పండితులు కంప్యూటరు ద్వారా ఒకరికొకరు సందేశములు వ్రాసికొనుచుండిరి. ఒకరు లిఫ్టులో పాదరసము ఒలికినదను హాస్యమొకటి వ్రాయగా, కొందఱు దానిని నిజమైన ప్రమాద హెచ్చరికయని నమ్మి కలతపడిరి. అంతట స్కాట్ ఫాల్మన్ అను ఆచార్యుడు, హాస్యముగా వ్రాసినదాని చివర కోలను, అడ్డుగీత, మూయు కుండలీకరణము అను మూడు గుర్తులు వరుసగా పెట్టుడని 1982 సెప్టెంబరు 19న సూచించెను. అది :-) అని యుండును. తల ఎడమవైపునకు వంచి చూచినచో రెండు కన్నులు, ముక్కు, నవ్వు నోరు కనబడును. అంతకు నూఱేండ్లు ముందే, 1881లో, పక్ అను అమెరికా హాస్యపత్రిక అచ్చుగుర్తులతో నాలుగు ముఖములు కూర్చి వేడుకగా ప్రకటించియుండెను. జపానువారు తల వంచనక్కఱలేని నిలువు ముఖములు కల్పించుకొనిరి. వారి ముఖములలో భావము నోటికన్న కన్నులలో నెక్కువ. 1999లో ఆ దేశపు షిగెతకా కురితా ఒక టెలిఫోను కంపెనీకై 176 చిన్న చిత్రములు గీచెను. యూనికోడ్ అను అక్షరముల పట్టికలో మన తెలుగు లిపికి 1991లోనే చోటు దొఱకెను. ఈ ముఖచిత్రములు పెద్ద సంఖ్యలో దానిలో చేరినది 2010లో.

“చేతి ఫోనులలో నీ బొమ్మలున్నవి గదా, వికీలో నేల లేవు?” అని మీరడుగవచ్చును. మా గదిలోని కంప్యూటర్లు పాతవి. ఫోనులోని ముఖచిత్రమును అక్కడ చేర్చినచో నవ్వుకు బదులు ఖాళీ చతురస్ర మొకటి కనబడెను. కీబోర్డుమీద ముఖముల మీటలును లేవు. మీడియావికీ తనంత తాను :-) గుర్తును బొమ్మగా మార్చదు. అందుకొక ప్లగిన్ కావలెను. ఆ పనికి మన పూర్వవిద్యార్థి యొకడు, ఇప్పుడు ఇంజనీరింగు చదువుచున్నవాడు, సంతోషముతో ముందుకు వచ్చెను.

ప్లగిన్ అనగా నేమో వాడు నాకు డెల్టావాడు డెల్టావానికి చెప్పినట్లు చెప్పెను. “మాస్టారూ, సాఫ్టువేరు పెద్దకాలువ. దాని గట్టు మనము తెంచరాదు. తెంచినచో, తరువాత క్రొత్త సాఫ్టువేరు తెచ్చి పెట్టినపుడు మన పని యంతయు కొట్టుకొనిపోవును. కాలువ కట్టినవారే అక్కడక్కడ తూములు విడిచినారు. మన చేనికి కావలసిన నీటిని తూమునుండి తీసికొనవలెను.” మీడియావికీ ఒక పుటను చూపుటకు సిద్ధము చేయునపుడు, కొన్ని నిర్ణీతమైన చోట్ల ఆగి, “ఇక్కడ ఎవరైన ఏమైన చేయవలెనా?” అని యడుగునట. మన ప్లగిన్ అట్టి యొక చోట నిలిచి, పుటలో ముఖపు గుర్తులెక్కడ నున్నవో వెదకి, పట్టికలో చూచి, ఆ చోట బొమ్మను నిలుపును. ఆ ప్లగిన్ ఫైళ్ళను వాటి కేర్పఱచిన చోట నుంచి, వికీ అమరికల ఫైలులో ఒక్క పంక్తి చేర్చినచో చాలును. ఆ పంక్తి తీసివేసినచో ఏమియు జరుగనట్లే పోవును.

దీనిలో నాకు మిక్కిలి నచ్చిన సంగతి యొకటి కలదు. వికీలో వ్రాసినవారు చివర నాలుగు టిల్డా గుర్తులు పెట్టినచో, భద్రపఱచునపుడే అవి పోయి వారి పేరును వేళయు వచ్చి నిలుచును. తరువాత పుటను తెఱచి దిద్దబోయినను ఆ టిల్డాలు కనబడవు. ముఖము అట్లు కాదు. విద్యార్థి వ్రాసిన మూడు గుర్తులు వ్రాసినట్లే లోపల నుండును. చూపునపుడు మాత్రమే బొమ్మ తొడుగును. రేపు బొమ్మలు పోయినను, కంప్యూటరు మాఱినను, వ్రాసినది చెడదు.

ఇక నే ముఖములు కావలెను? విద్యార్థులు నలువది యడిగిరి. ముఖమున భావము చూపుట మన జిల్లాకు క్రొత్తవిద్య కాదు. మువ్వ ప్రక్కనున్న కూచిపూడిలో తరతరములుగా ఆ విద్యయే జీవనము. కావున భరతుని నాట్యశాస్త్రము చెప్పిన ఎనిమిది స్థాయిభావములను నల్లబల్లపై వ్రాసితిని: రతి, హాసము, శోకము, క్రోధము, ఉత్సాహము, భయము, జుగుప్స, విస్మయము. వీటిలో తోటివాని వ్రాతను దిద్దునపుడు మనకేవి కావలెనని యడిగితిని. గంటసేపు వాదము జరిగెను. తుదకు హాసము, శోకము, విస్మయము నిలిచెను. వీటికి సందేహము నొకటి చేర్చుకొంటిమి. క్రోధమును జుగుప్సను బాలురు గట్టిగా కోరిరి గాని, నేనొప్పుకొనలేదు. కోపము వచ్చినవాడు దానిని పూర్తి వాక్యములలో వ్రాయవలెను. వ్రాయులోపల సగము చల్లారును. ఒక్క మీటతో కోపము విసరుట మిక్కిలి సులభము. ముఖములు చర్చ పుటలలోనే గాని విషయపుటలలో కూడదని మఱియొక నియమము చేసికొంటిమి. ఆనకట్ట చరిత్రకు నవ్వుముఖ మక్కఱలేదు.

ప్లగిన్ పెట్టిన దినమున నేను మొదట తెఱచినది ఆ బాలుని చర్చ పుటయే. నా పాత ప్రశ్న క్రింద నిట్లు వ్రాసితిని: “నాయనా, ముత్తాతగారి వాక్యమును మరల పుటలో చేర్చుము. ఆయన చెప్పిన సంగతులును వ్రాయుము. నేనడిగినది తెలిసికొనుటకే సుమా! :-)” పసుపుపచ్చని చిన్న ముఖము తెరమీద నవ్వెను. నాకు కొంచెము సిగ్గు వేసెను గాని తీసివేయలేదు.

మఱునాడు వాని జవాబు వచ్చెను. ఒక అడ్డుగీత, ఒక కుండలీకరణము. “-)”. అంతే. ఏమిటిది? తప్పున పడిన గుర్తులా? ఇంకను కినుకయా? మరల నేను గుర్తులను తప్పుగా చదువుచున్నానా? దిద్దుబాటు తెఱచి చూచితిని. లోపల వాడు పూర్తిగా :-) అనియే వ్రాసియుండెను. సంగతి యేమనగా, వికీలో పంక్తి మొదట కోలను పెట్టినచో, ఆ పంక్తిని కొంచెము లోపలికి జరుపుమని యర్థము. జవాబులను మెట్లుమెట్లుగా చూపుటకది పాత యేర్పాటు. మా వికీ ఆ బాలుని నవ్వులోని రెండు కన్నులను ఆజ్ఞగా తీసికొని, పంక్తిని లోపలికి జరిపి, ముక్కును నోరును మిగిల్చెను. కన్ను గీటు ముఖమునకును ఇదే గతి. పంక్తి మొదటి సెమికోలను కూడ వికీకి వేఱొక యాజ్ఞ. తప్పు ఎవరిదని విచారింపగా, మా ప్లగిన్ అంతయు ముగిసిన తరువాత కట్టకడపటి తూమువద్ద నిలిచినదట. ఆ వేళకు కోలను ఖర్చైపోయినది. పూర్వవిద్యార్థి దానిని పైనున్న తూమునకు మార్చెను. వెంటనే ఆ నవ్వు కన్నులతో సహా తిరిగి వచ్చెను.

ఇంకను రెండు వింతలు జరిగెను. పట్టికలో 8) అను గుర్తునకు నల్లకళ్ళజోడు ముఖము నిర్ణయించియుంటిమి. ఒక బాలిక కొల్లేటికి నీరు తగ్గుటకు గల కారణములను 1), 2), 3) అని వరుసగా చర్చలో వ్రాసెను. ఏడు కారణములు బాగుగానే యుండెను. ఎనిమిదవ కారణమునకు మాత్రము నల్లకళ్ళజోడు వచ్చెను! రెండవది, కోలను ప్రక్కన ఏటవాలు గీత యున్నచో అది సందేహముఖమని చెప్పియుంటిమి. ఇంటర్నెట్టు చిరునామాలన్నిటి మొదటను ఆ రెండు గుర్తులే పక్కపక్కన నుండును. విద్యార్థులు మూలములుగా చూపిన ప్రతి లంకెయందును ఒక ముఖము దూరి, లంకె తెగిపోయెను. కావున మేము క్రొత్త నియమములు వ్రాసికొంటిమి. ముఖమునకు ముక్కు తప్పక యుండవలెను. దానికి ముందును వెనుకను ఖాళీ యుండవలెను. ఉన్నదున్నట్లుగా చూపుమని వ్రాసిన భాగములో ప్లగిన్ వేలు పెట్టరాదు. గుర్తు చిన్నదైన కొలది అది వేఱొకదానిగా పొరబడుట కెక్కువ వీలున్నదని యిందువలన తెలిసికొంటిమి.

ఇవన్నియు దిద్దదగిన తప్పులు. ప్లగిన్ దిద్దలేని తప్పొకటి తరువాత వచ్చెను. ఒక విద్యార్థిని తన పుటలో ఊరి పేరునే తప్పుగా వ్రాసెను. తోటివాడొకడు చర్చలో మాట యేమియు వ్రాయక, ఆ తప్పును ఎత్తి చూపి, ప్రక్కన మూడు నవ్వుముఖములు పెట్టెను. ఆ బాలిక ఆనాడు మధ్యాహ్నము అన్నము తినలేదు. నేను వానిని పిలిచి యడుగగా, “కోపముగా వ్రాయలేదు గదా మాస్టారూ, నవ్వుముఖమే పెట్టితిని” అనెను. వాడు చెప్పినది నిజమే. నియమము తప్పలేదు. కాని తోడుగా నవ్వుట వేఱు, చూచి నవ్వుట వేఱు. నోటితో నవ్వినను ఈ రెండును కలవు. బొమ్మలోనికిని ఆ రెండును వచ్చినవి. నా పొడిమాట నా దయను మ్రింగినట్లే, వాని నవ్వుముఖము వాని నిర్దయను కప్పినది.

అప్పుడు నాకు తెలిసినది యిది. ముఖపు గుర్తు వాక్యమునకు తోడు కాగలదు గాని, వాక్యమునకు బదులు కాజాలదు. నేను మొదట “ఇది నీకెవరు చెప్పినారు?” అని వ్రాసి నవ్వుముఖము పెట్టియుండినచో, ఆ బాలుడు కోపమనుకొనక, ఎగతాళి యనుకొనియుండును. అదింకను హెచ్చు బాధ. నాకు నిజముగా కావలసినది తెలుగు మాటలే. “నాయనా” యనుటకు ఒక మాట. “తెలిసికొనగోరుచున్నాను” అనుటకు ఒక మాట. “సుమా” యనుటకు ఒక మాట. మన భాషలో అండీ, అమ్మా, నాయనా, గదా, సుమా అను చిన్నమాటలు ఊరకే యుండలేదు. అవి వ్రాతలోని ముఖములే. ఏ కంప్యూటరులోనైనను ఖాళీ చతురస్రములు కావు. ఆనాడు బస్సు వేళయైనదని నేను విడిచిపెట్టినవి ఈ చిన్నమాటలే. వాటిని వ్రాసిన పిమ్మట ఒక నవ్వుముఖము కూడ పెట్టినచో, అది భోజనము తరువాత తాంబూలము వంటిది. భోజనము లేని తాంబూలమేల?

కావున మా వికీలో నేడు నియమమిది. ముఖము పెట్టవచ్చును. దానికి ముందు ఒక పూర్తి వాక్యము, ఆ వాక్యమున ఎదుటివారిని పిలుచు మాట యొకటి యుండవలెను. ప్లగిన్ దీనిని చూచుకొనజాలదు. మేమే చూచుకొనుచున్నాము.

తల్లిదండ్రులకు నొక మనవి. మీరును నేడు బిడ్డలకు, బంధువులకు, మాకును ఫోనులో సందేశములు వ్రాయుచున్నారు. “ఎందుకు రాలేదు?” అని పాఠశాలనుండి మేము వ్రాసినపుడు మీకు కోపము కనబడవచ్చును. “మార్కులెన్ని?” అని మీరు వసతిగృహముననున్న బిడ్డకు వ్రాసినపుడు వానికి బెదరింపు కనబడవచ్చును. ముందు క్షేమమడిగి, పిమ్మట మార్కులడుగుడు. పూర్వము ఉత్తరము వ్రాయువారందఱును అట్లే చేసిరి. వారు కాగితము దండుగ చేయలేదు.

ఇప్పుడు చర్చలో ఏదేని దిద్దుబాటు వ్రాసిన తరువాత, భద్రపఱచుటకు ముందు, నేను దానిని ఒకమారు కఠినమైన గొంతుతో నాలో నేను చదువుకొందును. ఆ గొంతుతో చదివినను నొప్పింపకున్నచో భద్రపఱతును. నొప్పించినచో ఒకటి రెండు మాటలు చేర్తును. ఒక నిమిషము పట్టును. బస్సులు మరల వచ్చును.

ఆనకట్ట పుటలో ముత్తాత వాక్యము తిరిగి చేరినది. దాని క్రింద ఆయన చెప్పిన సంగతులు ఎనిమిది పంక్తులున్నవి. మూలమను చోట ఆ బాలుడు, “మా ముత్తాత, మా యింటి అరుగుమీద, మాస్టారి యెదుట చెప్పినాడు” అని వ్రాసెను. నేను దానిలో ఏమియు దిద్దలేదు.